బాగున్న రోజున వేసుకునే మందు



కార్తీకం వచ్చింది. తెల్లవారుజామున గుడి మైకులోంచి పాటలు, చెరువు గట్టున దీపాలు, చన్నీళ్ళ స్నానాలు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు వీధుల్లో కనిపిస్తున్నారు. ఊపిరితిత్తుల వైద్యుడిగా నాకు మాత్రం ఈ నెల మరో రకంగా తెలుస్తుంది. మా విభాగం ముందున్న బెంచీలు పొద్దున ఎనిమిదింటికే నిండిపోతాయి. వచ్చినవాళ్ళలో చాలామందిది ఒకటే మాట: "రాత్రి పడుకోలేదండీ. కూర్చునే తెల్లవార్చాను."

ఆ మాట వినగానే నాకు మా అమ్మ గుర్తొస్తుంది. మాది కృష్ణా జిల్లాలో కాలవ గట్టునున్న చిన్న ఊరు. 1974లో నాకు ఎనిమిదేళ్ళు. అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చి చూస్తే, నవారు మంచం అంచున అమ్మ కూర్చుని ఉండేది. రెండు అరచేతులూ మోకాళ్ళ మీద ఆనించి, భుజాలు పైకెత్తి, ముందుకు వంగి. ఊపిరి తీసినప్పుడల్లా మెడ కింద గుంట లోపలికి పోయేది. పలకరించినా మాట్లాడేది కాదు, చేత్తో పడుకోమని సైగ చేసేది. గదిలో సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. పిల్లికూతలు. నాన్న వాము వేసి నీళ్ళు కాచి తెచ్చేవాడు. నాయనమ్మ కొబ్బరినూనె వెచ్చబెట్టి, అందులో కర్పూరం కలిపి వీపుకు రాసేది. కోడి కూసే వేళకు కాస్త తెరిపి ఇచ్చేది. అప్పుడు అమ్మ లేచి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టేది. ఎవరైనా అడిగితే "చలిగాలి పడదమ్మా నాకు" అనేది.

చలిగాలి మాట నిజమే, కానీ అది సగం నిజం. చలి మొదలవగానే మా ఇంట్లో ఇంకో పని జరిగేది. అటక మీది ట్రంకుపెట్టె దించేవాళ్ళు. తొమ్మిది నెలలుగా కలరా ఉండల మధ్య మగ్గిన రగ్గులు, బొంతలు బయటికి వచ్చేవి. వాటిని వరండాలో నాలుగు దులుపులు దులిపి, ఆ రాత్రే కప్పుకునేవాళ్ళం. దులిపేది అమ్మే. ఆ దులపడానికీ, ఆ రాత్రి ఆయాసానికీ సంబంధం ఉందని నాకు వైద్యం చదివాక గానీ తెలియలేదు.

ఉబ్బసం అంటే ఏమిటో ముందు రెండు మాటల్లో చెప్తాను. తెలంగాణలో దమ్ము అంటారు, కొన్నిచోట్ల ఎగశ్వాస అంటారు, ఇప్పుడు అందరి నోటా ఆస్తమా. మన గాలి గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. ఆ వాపు వల్ల గొట్టం అతిగా స్పందిస్తుంది. పొగ తగిలినా, దుమ్ము తగిలినా, చల్లగాలి తగిలినా చుట్టూ ఉన్న సన్నటి కండరం బిగుసుకుంటుంది. లోపల చిక్కటి కఫం చేరుతుంది. దారి ఇరుకవుతుంది. ఇరుకైన దారిలోంచి గాలి బయటికి వెళ్ళేటప్పుడు వచ్చే చప్పుడే పిల్లికూత.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోవాలి. పిల్లికూతలు లేని రోజున కూడా ఆ వాపు ఉంటుంది. రోగి బాగానే తింటాడు, నడుస్తాడు, పొలం వెళ్తాడు. లోపల మాత్రం నివురుగప్పిన నిప్పులా వాపు ఉండనే ఉంటుంది. గాలి వీచినప్పుడు మంట పైకి లేస్తుంది. మనవాళ్ళు మంట లేచినప్పుడు నీళ్ళు చల్లుతారు, తగ్గగానే చెంబు పక్కన పెట్టేస్తారు. ఉబ్బసానికి అసలైన మందు బాగున్న రోజున వేసుకునేది. ఈ ప్రసంగంలో ఇంకేం గుర్తున్నా లేకపోయినా, ఈ ఒక్క మాట గుర్తుంచుకోమని వేడుకుంటున్నాను.

మరి చలికాలమే ఎందుకు? మన ముక్కు గొప్ప పని చేస్తుంది. బయటి గాలి ఎంత చల్లగా ఉన్నా దాన్ని వెచ్చబరిచి, తేమ కలిపి లోపలికి పంపుతుంది. ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో పది డిగ్రీల లోపు చలిలో వేగంగా నడిచినా, జలుబుతో ముక్కు మూసుకుపోయి నోటితో పీల్చినా, ఆ చల్లటి పొడిగాలి సరాసరి గొట్టాల్లోకి వెళ్తుంది. లోపలి తేమ ఆరిపోతుంది, కండరం బిగుస్తుంది. దానికి తోడు చలికాలం జలుబుల కాలం. పిల్లల్లో ఉబ్బసం హఠాత్తుగా ముదరడానికి ఎక్కువసార్లు కారణం మామూలు జలుబు వైరస్సే. మూడోది పొగ. చలి రాత్రుల్లో నేలను ఆనుకున్న గాలి చల్లబడి, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. వాహనాల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, చలిమంటల పొగ ఆ మూత కిందే తిరుగుతాయి. ఉదయం మంచు అనుకునేదాంట్లో పొగ కూడా కలిసి ఉంటుంది. అందుకే ఉబ్బసం ఉన్నవాళ్ళు మార్నింగ్ వాక్‌ను ఎండ పొడ వచ్చేదాకా వాయిదా వేసుకోవాలి. ఇక తెల్లవారుజాము మూడు, నాలుగు గంటల వేళ మన ఒంట్లోనే గాలి గొట్టాలు సహజంగా కాస్త సన్నబడతాయి. ఆరోగ్యవంతుడికి అది తెలియదు. వాపు ఉన్నవాడు లేచి కూర్చుంటాడు. మా అమ్మ లేచి కూర్చున్నది ఆ వేళకే.

రగ్గుల దగ్గరికి వద్దాం. పరుపుల్లో, దిండ్లలో, బొంతల్లో కంటికి కనిపించని పురుగులుంటాయి. డస్ట్ మైట్లు అంటారు. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు. మన చర్మం నుంచి రాలే పొట్టే వాటి తిండి. తేమ ఉంటే చాలు, పెరుగుతాయి. అవి కుట్టవు. వాటి పెంట, చచ్చిన వాటి పొడి గాల్లో కలిసి ముక్కులోకి వెళ్తే కొందరికి తుమ్ములు, కళ్ళ దురద, ఆయాసం. వానాకాలమంతా తేమ పీల్చి, ఆ తర్వాత పెట్టెలో మగ్గిన రగ్గు ఎంత సరుకు మోసుకొస్తుందో ఊహించుకోండి. కలరా ఉండల ఘాటు దానికి అదనం.

చెయ్యాల్సింది కష్టమేమీ కాదు. రగ్గులు ఆ రాత్రి కప్పుకోవడానికి ఆ సాయంత్రం తీయకండి. వారం ముందే తీసి, ఉతకగలిగినవి బాగా వేడి నీళ్ళలో ఉతకండి. 55, 60 డిగ్రీల వేడికి ఆ పురుగులు చస్తాయి. ఉతకలేనివి రెండు మూడు రోజులు మంచి ఎండలో వేసి, ఆరుబయట కొట్టి దులపండి. దులిపేది మాత్రం ఉబ్బసం ఉన్న మనిషి కాకూడదు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికొకసారి వేడి నీళ్ళలో ఉతకాలి. పరుపు ఏకించే పని ఉంటే, ఆ పూట ఉబ్బసం ఉన్నవాళ్ళను చుట్టాలింటికి పంపించండి. సంక్రాంతి ముందు ఇల్లు దులపడం మన ఆచారం, చక్కటి ఆచారం. కానీ ఇల్లంతటి బూజు కొట్టే పని చాలా ఇళ్ళలో ఆయాసపడే ఇల్లాలి నెత్తినే పడుతుంది. ఆ బూజుకర్ర ఈ ఏడు మగవాళ్ళు అందుకోండి. చీపురుతో రేపే దుమ్ముకన్నా తడిగుడ్డతో తుడవడం నయం. ఎండు ముగ్గుపిండి గుప్పిట్లోంచి జారుతుంటే ముఖం దానిమీదికి వంచి పీల్చకుండా, ముక్కుకు పలచటి బట్ట కట్టుకోవడం మంచిది.

భోగిమంట గురించి కూడా చెప్పాలి. పిడకల దండ మంటలో వేయాలని ఏ పిల్లకు ఉండదు? ఉబ్బసం ఉన్న పిల్లలను వద్దని ఇంట్లో కూర్చోబెట్టమని నేను చెప్పను. గాలి ఎటు వీస్తోందో చూసి, పొగ రాని వైపు నిలబెట్టి, దండ వేయించి, వెంటనే తీసుకొచ్చేయండి. ఆ మంటలో పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు మాత్రం వేయకండి. వీధిలో ఎవరింట్లో ఎవరికి ఆయాసం ఉందో మనకు తెలియదు. ఇంట్లో దోమల చుట్టలు, గది తలుపులు మూసి వేసే సాంబ్రాణి, అగరుబత్తి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. స్నానం చేయించి పసిపిల్లలకు సాంబ్రాణి పొగ వేసే అలవాటు మానుకుంటే వాళ్ళ ఊపిరితిత్తులకు మేలు చేసినవాళ్ళవుతారు.

పుప్పొడి సంగతి ప్రాంతాన్ని బట్టి మారుతుంది. రోడ్డు పక్కన తెల్లటి చిన్న పూలతో కనిపించే వయ్యారిభామను మన దేశంలో 1950లలో పుణె దగ్గర మొదట గుర్తించారు, ఇప్పుడు మన బీళ్ళన్నీ దానివే. దాన్ని పీకేవాళ్ళకు చేతులకు దద్దుర్లు, పుప్పొడికి తుమ్ములు. పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకాలి. విశాఖపట్నంలో 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను చాలా చెట్లను కూల్చేసిన తర్వాత, త్వరగా పెరుగుతాయని ఏడాకుల పాల చెట్లు విరివిగా నాటారు. చలికాలం మొదట్లో సాయంత్రమయ్యేసరికి వాటి పూల ఘాటు వీధంతా కమ్ముతుంది, ఆ కొద్ది వారాలూ ఊపిరాడడం లేదని అక్కడివాళ్ళు మొరపెట్టుకుంటారు. ఘాటైన వాసన, అది పూలదైనా సెంటుదైనా, వాచి ఉన్న గొట్టాన్ని రెచ్చగొట్టగలదు. అలాంటి వీధిలో ఇల్లుంటే ఆ వారాల్లో సాయంత్రం కిటికీలు మూసుకుని, పగలు తెరుచుకోండి. టెక్సాస్‌లో ఉన్న మన పిల్లలకు మరో అనుభవం. అక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మౌంటెన్ సీడర్ అనే చెట్టు పుప్పొడి మేఘంలా లేస్తుంది. మన అమ్మలు చలికాలంలో అక్కడికి వెళ్ళి, తలుపులన్నీ మూసిన ఇంట్లో ఎండుమిరపకాయల తాలింపు వేసినప్పుడు కూడా దగ్గు తెరలు రావడం సహజం. ఎగ్జాస్ట్ వేయండి, ఒక కిటికీ రెండు అంగుళాలు తెరవండి.

ఇప్పుడు మందు. నేను ఎక్కువ సేపు మాట్లాడాలనుకున్నది దీని గురించే.

"ఇన్‌హేలర్ వద్దండీ, అలవాటు పడిపోతుంది. మాత్రలు రాయండి." వారంలో ఎన్నిసార్లు వింటానో ఈ మాట. ముఖ్యంగా పెళ్ళికావలసిన ఆడపిల్లల తల్లిదండ్రుల నోట. నలుగురిలో పంపు నోట్లో పెట్టుకుంటే సంబంధాలు చెడిపోతాయని భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ లెక్క చూడండి. ఉపశమనానికి వాడే సాల్‌బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు. అంటే 4,000 మైక్రోగ్రాములు. అదే మందు ఇన్‌హేలర్‌లో ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. మాత్ర పొట్టలోకి వెళ్ళి, రక్తంలో కలిసి, ఒళ్ళంతా తిరిగి, చివరికి ఊపిరితిత్తులకు చేరుతుంది. ఈలోగా చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. ఇన్‌హేలర్ మందు సరాసరి చేరవలసిన చోటికి చేరుతుంది, నిమిషాల్లో పని చేస్తుంది.

స్టెరాయిడ్ అనే మాటకు ఇంకా భయం. ఆయాసం ముదిరినప్పుడు ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు రోజుకు 40 మిల్లీగ్రాములు ఉండవచ్చు, అంటే 40,000 మైక్రోగ్రాములు. రోజూ పీల్చుకునే నివారణ మందు ఒక్కో పీల్పుకు 100, 200 మైక్రోగ్రాములు. రెండూ ఒకే మందు కావు, బలంలోనూ తేడా ఉంది. అయినా ఆ అంతరం ఎంతో చూడండి. చిన్న మోతాదు రోజూ పీల్చుకుంటే పెద్ద మోతాదు మింగాల్సిన అవసరం రాదు. స్టెరాయిడ్ అంటే భయపడి ఇన్‌హేలర్ మానేసినవాళ్ళే, ఏముందో రాసి లేని పొట్లాలు తెచ్చుకుని ఏళ్ళ తరబడి మింగుతారు. వేసుకున్న గంటకే హాయిగా ఉంటుంది. కొన్నాళ్ళకు ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, షుగరు వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. ఆ లక్షణాలు చూస్తే పొట్లంలో ఏముందో నాకు అర్థమవుతుంది. అలాంటి పొట్లాలు వాడుతున్నవాళ్ళు ఉన్నట్టుండి ఆపేయకండి, అది కూడా ప్రమాదమే. డాక్టరుకు చూపించి మెల్లగా మానాలి. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో ఇచ్చే చేప మందు కోసం దూరాభారం ప్రయాణం చేసేవాళ్ళూ నా దగ్గరికి వస్తారు. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. ఎవరి నమ్మకం వారిది, వెళ్ళొచ్చినవాళ్ళను నేను కోప్పడను. "ఇన్‌హేలర్ మాత్రం ఒక్క రోజు కూడా ఆపకండి" అని అడుగుతాను.

ఇన్‌హేలర్ పుట్టుక వెనక ఒక పిల్ల ఉంది. 1955లో అమెరికాలో రైకర్ లాబరేటరీస్ అనే మందుల కంపెనీకి జార్జ్ మైసన్ అధిపతి. ఆయన పదమూడేళ్ళ కూతురికి ఉబ్బసం. అప్పట్లో మందు పీల్చాలంటే గాజు గొట్టానికున్న రబ్బరు బుడ్డి పిసకాలి. మందు ఒకసారి ఎక్కువ వచ్చేది, ఒకసారి తక్కువ వచ్చేది. తలకు కొట్టుకునే స్ప్రే లాగా నా మందు కూడా డబ్బాలో ఎందుకు రాదు నాన్నా, అని అడిగిందట ఆ పిల్ల. 1956కల్లా కొలతగా మందు విడుదల చేసే మొదటి ఇన్‌హేలర్ బజారుకు వచ్చింది. 1969లో సాల్‌బుటమాల్, 1972లో పీల్చుకునే స్టెరాయిడ్ వచ్చాయి. 1974లో నేను మంచం అంచున కూర్చున్న అమ్మను చూస్తున్నప్పటికే ప్రపంచంలో మందు ఉంది. మా ఊరికి రాలేదు. ఇప్పుడు ఊరూరా దొరుకుతోంది, జనరిక్ మందుల షాపుల్లో తక్కువ ధరకూ దొరుకుతోంది. అందుకే ఇప్పుడు ఎవరైనా రాత్రంతా కూర్చుని తెల్లవార్చానంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇన్‌హేలర్లు రెండు పనులకు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు గొట్టాన్ని తెరిచేది. రెండోది వాపును తగ్గించేది, అదే బాగున్న రోజున వేసుకునేది. కొన్నిటిలో రెండూ కలిసి ఉంటాయి. గొట్టం తెరిచే మందు ఒక్కటే వాడుతూ పోవడం మంచిది కాదని, పెద్దవాళ్ళకూ పన్నెండేళ్ళు దాటిన పిల్లలకూ అందరికీ వాపు తగ్గించే మందు కూడా ఉండాలని ఉబ్బసంపై అంతర్జాతీయ మార్గదర్శకాలు రాసే గీనా సంస్థ 2019లో తేల్చి చెప్పింది. కారణం ఏమిటంటే, గొట్టం తెరిచే మందు వెంటనే హాయినిస్తుంది కాబట్టి మనిషి దాన్నే నమ్ముకుంటాడు. లోపల వాపు పెరిగిపోతుంటుంది. గడిచిన నాలుగు వారాలు తలచుకుని మిమ్మల్ని మీరే అడగండి: వారానికి రెండుసార్లకు మించి ఆయాసం వచ్చిందా? రాత్రి ఒక్కసారైనా దాంతో మెలకువ వచ్చిందా? వారానికి రెండుసార్లకు మించి ఆ పంపు అవసరమైందా? మెట్లెక్కడమో, నీళ్ళు మోయడమో మానుకున్నారా? ఒక్కదానికైనా అవునంటే మీ ఉబ్బసం పూర్తిగా అదుపులో లేదు, చలి ముదరకముందే డాక్టరును కలవాలి.

ఇక పీల్చే పద్ధతి. నిరుడు ఒక పెద్దాయన వచ్చారు. నాలుగు నెలలుగా మందు వాడుతున్నా గుణం లేదన్నారు. ఎలా వాడుతున్నారో చూపించమన్నాను. పీల్చుకునే పొడి ఉన్న క్యాప్సూల్‌ను నోట్లో వేసుకుని, గ్లాసుడు నీళ్ళు తాగి చూపించారు. ఆయన తప్పేం లేదు, రాసిచ్చినవాళ్ళు ఒక్కసారి చూపించి ఉంటే సరిపోయేది. అందుకని ఇప్పుడు నిదానంగా చెప్తాను. నొక్కే ఇన్‌హేలర్ అయితే మూత తీసి బాగా కుదపండి. స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టానికి తగిలించండి. ముందు ఊపిరి పూర్తిగా వదలండి. గొట్టం మూతిని పళ్ళ మధ్య పెట్టి పెదవులు గట్టిగా మూయండి. ఒక్కసారి నొక్కండి. నెమ్మదిగా, నిండుగా పీల్చండి. పీల్చిన ఊపిరిని పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టండి. మా అమ్మ వేలి కణుపుల మీద లెక్కపెడుతుంది, జపం చేసినట్టు. రెండోసారి అవసరమైతే అర నిమిషం ఆగి మళ్ళీ కుదిపి నొక్కండి. స్టెరాయిడ్ ఉన్న మందైతే తర్వాత నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయండి, నోట్లో పూత రాదు. పొడి క్యాప్సూళ్ళు వాడే పరికరమైతే పద్ధతి వేరు, దాన్ని గట్టిగా, వేగంగా పీల్చాలి, పరికరంలోకి ఊదకూడదు.

స్పేసర్ కొనలేని స్థితి ఉంటే, అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం చేసి, చుట్టూ గాలి పోకుండా అతికించి వాడవచ్చు. 1999లో దక్షిణాఫ్రికాలో పిల్లల మీద పరీక్షించి చూస్తే, అలా గట్టిగా అతికించిన సీసా షాపులో కొన్న స్పేసర్‌తో సమానంగా పని చేసింది. లాన్సెట్ వైద్య పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి.

మాల వేసుకున్నవాళ్ళకు ఒక మాట. దీక్షలో మందు వాడకూడదేమోనని ఓ కుర్రవాడు నివారణ మందు ఆపేసి, చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక కలిసి పదో రోజుకు మా దగ్గర తేలాడు. వాళ్ళ గురుస్వామికి నేనే ఫోను చేశాను. "వాడించండి డాక్టరు గారూ, శరీరం బాగుంటేనే గదా కొండెక్కేది" అన్నారాయన. గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేయమని, చాప కింద మరో దళసరి చాప వేసుకోమని కూడా ఆయనే చెప్పారు. పంబ నుంచి సన్నిధానం దాకా సుమారు ఐదు కిలోమీటర్ల ఎక్కుడు. నీలిమల దగ్గర మరీ నిటారు. ఇన్‌హేలర్ సంచి అడుగున కాకుండా చేతికందేచోట ఉండాలి.

చలికి కీళ్ళ నొప్పులు కూడా పెరుగుతాయి, మందుల షాపుకెళ్ళి నొప్పి మాత్ర అడుగుతారు. ఉబ్బసం ఉన్నవాళ్ళలో కొందరికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి తీవ్రమైన ఆయాసం తెస్తాయి. ముక్కులో కండలు పెరిగినవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. షాపతనికి, డాక్టరుకు మీ ఉబ్బసం సంగతి ముందే చెప్పండి. గ్లకోమాకు వాడే కొన్ని కంటి చుక్కలతో కూడా ఇదే ప్రమాదం.

తిండి విషయం. ఎలర్జీ అనే మాటను 1906లో వియన్నాలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే పిల్లల వైద్యుడు పుట్టించాడు. మన దగ్గర దానికి ఎప్పటినుంచో మాట ఉంది: పడదు. చక్కటి మాట. కాకపోతే దాన్ని అన్నిటికీ వాడేస్తాం. పాలు తాగితే కడుపు ఉబ్బరిస్తే పడదంటాం. వంకాయకు దురదొస్తే పడదంటాం. పెరుగు తింటే జలుబు చేస్తుందని పడదంటాం. అసలైన ఆహార ఎలర్జీ వేరు. తిన్న నిమిషాల నుంచి రెండు గంటల్లోపే పెదవులు వాస్తాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, వాంతులు, గొంతు బిగుసుకోవడం, ఆయాసం వస్తాయి. తిన్న ప్రతిసారీ వస్తాయి. కోస్తాలో రొయ్యలు, పీతలతో ఎక్కువగా చూస్తుంటాం. ఇక్కడ ఒక చుట్టరికం ఉంది. రొయ్యలోనూ, బొద్దింకలోనూ, పరుపులోని డస్ట్ మైట్‌లోనూ ట్రోపోమయోసిన్ అనే ప్రొటీను దాదాపు ఒకేలా ఉంటుంది. దుమ్ము పడనివాళ్ళలో కొందరికి రొయ్యలూ పడకపోవడం అందుకే.

కానీ చాలామందికి ఉబ్బసం తిండి వల్ల రాదు. ఉబ్బసం ఉన్న పిల్లకు గుడ్డు వద్దు, అరటిపండు వద్దు, పెరుగు వద్దు, కమలా వద్దు అని అన్నీ మానిపించి, బక్కచిక్కిన బిడ్డను తీసుకొస్తారు. తిన్న ప్రతిసారీ లక్షణాలు రానిది మానిపించకండి. రక్తపరీక్షలో ఇరవై పదార్థాల పక్కన పాజిటివ్ అని వచ్చినంత మాత్రాన ఆ ఇరవయ్యీ పడవని కాదు, తిన్నప్పుడు ఏమైందన్నదే ముఖ్యం.

నిజంగా పడనివాళ్ళ విషయంలో మాత్రం చుక్క కూడా వద్దు. సంక్రాంతి వస్తోంది. అరిసెల మీద నువ్వులు, సకినాల్లో నువ్వులు, కూరల్లో వేరుశనగ పొడి, పులావులో జీడిపప్పు. "కొంచెం తింటే ఏం కాదురా" అని బలవంతం చేసే ప్రేమ మన ఇళ్ళలో ఎక్కువ. పిల్లవాడు పడదన్నాక, వాడి మాట వినండి. రొయ్యలు వేగిన నూనెలో వాడి వడ వేయించకండి. ఆ గరిట ఈ గిన్నెలో పెట్టకండి. ఉబ్బసం అదుపులో లేని మనిషికి ఆహార ఎలర్జీ కూడా ఉంటే ప్రాణాపాయం మరింత ఎక్కువ. అలాంటి దాడిలో గొంతు బిగిసి, తల తిరిగి పడిపోతుంటే దానికి మందు ఒక్కటే, తొడ కండరంలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. ఎలర్జీ మాత్ర వేసి చూద్దామని కూర్చోకండి. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో పెట్టండి, ఆయాసంగా ఉంటే కూర్చోనివ్వండి, 108కి ఫోను చేయండి.

మామూలు ఉబ్బసం దాడిలోనైతే మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, ఉపశమన ఇన్‌హేలర్ స్పేసర్‌తో ఒక్కొక్కటిగా నాలుగుసార్లు ఇవ్వండి. నాలుగు నిమిషాలు చూడండి. తగ్గకపోతే మళ్ళీ నాలుగు ఇస్తూ ఆసుపత్రికి బయల్దేరండి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదవులు, గోళ్ళు నీలంగా మారుతున్నా, పసిపిల్లల డొక్కలు లోపలికి పోతున్నా, పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి మగతగా అవుతున్నా తెల్లవారేదాకా ఆగకండి. కూతలు ఆగాయి కదా తగ్గిందనుకుంటారు. గాలి కదలడమే ఆగిపోతే కూత కూడా ఉండదు.

మా అమ్మకు ఎనభై దాటాయి. ఇరవై ఏళ్ళ పైగా పొద్దున రెండు, రాత్రి రెండు పీలుస్తోంది. ఆ డబ్బా మీద 200 అని ఉంటుంది, ఆమె లెక్కన 50 రోజులకు వస్తుంది. ఖాళీ అయ్యాక కూడా నొక్కితే బుస్సుమంటుంది కాబట్టి చప్పుడును నమ్మడానికి లేదు. అందుకే వంటింటి గోడ క్యాలెండరు మీద, గ్యాసు బండ మార్చిన తేదీ రాసినట్టే, కొత్త డబ్బా తెరిచిన తేదీ రాసి, యాభయ్యో రోజుకు పెన్సిలుతో సున్నా చుడుతుంది. ఈ కార్తీకంలో ఆ సున్నా పౌర్ణమికి రెండు రోజుల ముందు పడింది. నిన్న ఫోను చేసి, పౌర్ణమి రద్దీలో షాపుకు వెళ్ళలేను గాని, ఆదివారం వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురా అని చెప్పింది.